టపా కట్టేశారండి!

1986లో నేను తెనాలిలో గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. మా బావగారు రేపల్లె దగ్గర ఒక చిన్న పోస్టాఫీసులో పోస్టుమాస్టరు. గుండెపోటు వచ్చి తగ్గాక అప్పుడే మళ్లీ డ్యూటీలో చేరారు. మా ఇంటికి వచ్చిన అక్కయ్య ఆయన గురించి కంగారు పడుతుంటే, మధ్యాహ్నం మా ఆఫీసు నుంచి ఫోన్ చేశాను. ఎవరో కొత్త గొంతు పలికింది.

"పోస్టుమాస్టరుగారు ఉన్నారాండి?"

"సారా? ఇప్పుడే టపా కట్టేశారండి!"

అంతలో లైను తెగిపోయింది.

ఇంటికి పరుగెత్తి అక్కయ్యకు చెప్పాను. బస్సులో దారి పొడవునా ఆమె ఏడుపు ఆపలేదు. తీరా వెళితే, పోస్టాఫీసు గుమ్మంలో బావగారే ఎదురొచ్చారు! ఫోన్‌లో విన్నది చెప్పాను. సంగతి విని ఆయన పడీపడీ నవ్వారు.

"సాయంత్రం బండికి పంపే ఉత్తరాల సంచి కట్టానయ్యా. మేం రోజూ అనే మాటే అది!"

అక్కయ్య నవ్వలేదు. "ఇంకోసారి మీ ఆఫీసులో ఆ మాట వినబడిందో, నేనే కడతాను మీ టపా!" అంది కళ్లు తుడుచుకుంటూ.

ఆనాటి డైరీలో ఒక్క వాక్యమే రాసుకున్నాను: మాటతోపాటు, అది ఏ చోటి నుంచి వచ్చిందో కూడా వినాలి.