అక్క కోసం బావగారు మెత్తబరిచిన బండి

మా బావగారు పోయారు. పోయిన నెలలో ఒక పొద్దున పాల ప్యాకెట్లు తెచ్చి వంటగది గట్టు మీద పెట్టి, హాల్లో కుర్చీలో కూర్చుని, ఒక కాలి చెప్పు విప్పారు. రెండోది విప్పలేదు. లోపలి గదిలో మంచం మీద నుంచి అక్క రెండు మూడుసార్లు పిలిచి, నాకు ఫోన్ చేసింది. "ఒసేయ్, మీ బావ పలకటం లేదే, ఒక్కసారి పైకి రా" అంది. మా ఫ్లాటు కింది అంతస్తులోనే. నేను నర్సుని. ఆగిపోయిన గుండెని నడిపించడానికి ఏమేం చేయాలో అన్నీ చేశాను. అంబులెన్సు వచ్చేదాకా ఆపలేదు. అక్క గుమ్మం పట్టుకుని నిలబడి చూస్తూ ఉంది. ఆ గుండె నా మాట వినలేదు.

ఈ నాలుగు మాటలూ రాయమని మా చర్చి సంఘం వాళ్ళు అడిగినప్పుడు, మంచివారనీ, దైవభక్తి గలవారనీ రాస్తే సరిపోతుందనుకున్నాను. రాయడానికి కూర్చుంటే అవేమీ గుర్తు రావడం లేదు. బండి కింద నుంచి బయటికి చాచిన ఆయన కాళ్ళే గుర్తొస్తున్నాయి. నాకు ఆయన మీద చెప్పలేనంత కోపంగా ఉంది. అంత పని చేసి, తీరా బయల్దేరే ముందు ఇలా వెళ్ళిపోతారా ఎవరైనా?

మాది బాపట్ల దగ్గర. అక్కా నేనూ ఇద్దరం నర్సులుగానే ఢిల్లీ వచ్చాం. బావగారు సైన్యంలో బండ్లు బాగుచేసే వర్క్‌షాపులో చేరి, సుబేదారుగా రిటైరై, మయూర్ విహార్‌లో స్థిరపడ్డారు. నన్ను మొదటినుంచీ "సిస్టరమ్మా" అనే పిలిచేవారు. మరదల్ని సిస్టరని పిలిచే బావ లోకంలో నేనొక్కణ్ణే అని ఆయనే నవ్వేవారు. అక్క ఏళ్ళ తరబడి రోగుల్ని ఎత్తీ దించీ వెన్ను పాడుచేసుకుంది. ఆపరేషన్ చేసి లోపల రాడ్లు వేశారు. ఇంట్లో నెమ్మదిగా నడవగలదు, పడుకోగలదు. కుదుపుకి మాత్రం ఓర్వలేదు. ఆటో, కారు, రైలు, ఏదైనా సరే, చిన్న గతుకు పడితే వీపులోంచి కాలిదాకా నిప్పు దిగినట్టు ఉంటుందనేది. విమానంలో అంతసేపు నిటారుగా కూర్చోవడం ఆమెవల్ల కాదు. అలా ఆ ఫ్లాటే ఆమె లోకమైపోయింది.

ఆమె నోరు తెరిచి అడిగింది ఒక్కటే. సూర్యలంక సముద్రంలో ఒకసారి కాళ్ళు తడుపుకోవాలని. అది కూడా ఏదో క్రిస్మస్‌కి అరిసెలు వండుతూ మాటల్లో అంది. కొన్నాళ్ళకి బావగారు గురుగ్రామ్ నుంచి ఒక పాత క్యారవాన్ తోలుకొచ్చి మా బ్లాకు కింద ఆపారు.

క్యారవాన్ అంటే సినిమావాళ్ళది అనుకోకండి. ఒకప్పటి స్కూలు మినీబస్సు. ఎవరో షోకు పడి సీట్లు పీకించి, మంచం, పొయ్యి, అల్మారాలు, నీళ్ళ ట్యాంకు పెట్టించుకున్నారు. షోకు తీరాక అమ్మేశారు. పదేళ్ళు దాటిన డీజిల్ బండి అయితే ఢిల్లీ ఎప్పుడో తరిమేసేది. ఇది గ్యాసుతో నడిచే సీఎన్జీది కాబట్టి ఇంకొంత గడువు మిగిలింది. "బండికీ గడువుంది, మీ అక్క ఓపికకీ గడువుంది సిస్టరమ్మా. రెండూ అయిపోకముందే కానియ్యాల" అన్నారు. అక్క బాల్కనీలోంచి తొంగిచూసి, "ఈ పాత డబ్బాలో నేనా? బావకి మతి పోయిందే" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం వెలిగిపోవడం నేను చూశాను.

ఆ బండికి లేని రోగం లేదు. స్టీరింగ్ ఇటు తిప్పితే కాసేపు ఆలోచించుకుని అప్పుడు కదిలేది. పక్క నుంచి లారీ వెళితే చాలు, అటు ఒరిగిపోయేది. వెనక ఒకవైపు కుంగి ఉండేది. కొండ్లీ దగ్గర ఒక మెకానిక్ చూసి, స్టీరింగ్ బాక్సు స్క్రూ బిగించేస్తే సరిపోతుందన్నాడు. బావగారు ఒప్పుకోలేదు. "నొప్పి మోకాల్లో ఉంటే తలకి కట్టు కడతావా భయ్యా?" అని బండి వెనక్కి తెచ్చేశారు.

ఇక ఆదివారాలు ప్రార్థన కాగానే నా డ్యూటీ అక్కడే. నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తాను కిందికి దూరేవారు. "కొంచెం కుడికి, కొంచెం ఎడమకి. చక్రం తిరగాల్సిన పన్లేదు, ఊరికే ఊపుతా ఉండు" అనేవారు. నేను ఊపుతుంటే ఒక్కో కీలు మీద అరచెయ్యి ఆనించి చూసేవారు. ఎక్కడ వదులుందో చేతికి తగిలేది. స్టీరింగుని చక్రాలకి కలిపే టై రాడ్ చివర్లు అరిగిపోయాయి. చక్రం తిరిగే కీలులోని కింగ్‌పిన్ బుష్‌లు పేరుకే ఉన్నాయి. కశ్మీరీ గేట్ స్పేర్‌పార్టుల బజారుకి వెళ్ళి కొత్తవి తెచ్చి వేశారు. తర్వాత అసలు సంగతి ఇంకోటి కనిపెట్టారు. నీళ్ళ ట్యాంకూ బరువైన టేకు అల్మారాలూ వెనక చక్రాలకి కూడా అవతల, తోక మీద పెట్టారు ఆ షోకుదొరలు. వెనక బరువుకి ముందు తేలిపోతోంది. "ముందు చక్రం నేలని గట్టిగా పట్టుకోకపోతే స్టీరింగేం చేస్తది? గాల్లో చెయ్యి తిప్పినట్టే" అంటూ ట్యాంకుని రెండు చక్రాల మధ్యకి తెచ్చారు. అల్మారాలు పీకి కాలనీ కాపలాదారుకి ఇచ్చేశారు. బండి తిన్నగా నడవడం మొదలుపెట్టింది.

మా సొసైటీ సెక్రటరీ ఊరుకునే మనిషి కాదు. రోజూ సాయంత్రం వచ్చి, "సుబేదార్ సాబ్, యే పార్కింగ్ హై, వర్క్‌షాప్ నహీ" అని గొడవపడేవాడు. బావగారు బండి కింద నుంచే, "బస్ దో దిన్ ఔర్, సాబ్" అనేవారు. ఆ రెండు రోజులు ఎండాకాలం మొత్తం సాగాయి. చివరికి ఆ సెక్రటరీ కూడా కుర్చీ తెచ్చుకుని కూర్చుని సలహాలివ్వడం మొదలుపెట్టాడు.

ఇక తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలి. ఆయన బతుకంతా మిలటరీ లారీలు బాగుచేసిన మనిషి. కుంగిన బండిని చూస్తే ఆయన చేతికి ఒక్కటే తెలుసు, బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులకి, అదే కమాన్ కట్టలకి, ఇంకో పట్టీ వేసి గట్టి చేయడం. వేశారు. ఒకటి చాలక ఇంకోటి కూడా వేశారు. బండి ఛాతీ విరుచుకుని నిలబడింది. ఆ సంతోషం పట్టలేక పాస్టరు గారిని పిలిచి, బండి ముందే కృతజ్ఞతా కూడిక పెట్టేశారు. అందరం పాటలు పాడాం, పులిహోర తిన్నాం. అప్పుడే అక్కని ఎక్కించి, మెట్రో స్టేషన్ దాకా ఒక చుట్టు తిప్పి తెచ్చారు.

అక్క కిక్కురుమనలేదు. దిగాక నవ్వుతూ, "బానే ఉందండీ" అంది. బావగారు ఆమె మొహంలోకి చూశారు. కింది పెదవి మీద పంటిగాటు, దాని మీద నెత్తురు. ఆయన అక్కడే మెట్ల మీద కూలబడిపోయారు. "నేను ఫిరంగులు మోసే బండి చేశానే. నిన్ను మోసేది కాదు" అన్నారు. అక్క ఆయన తల నిమురుతూ, "పోనీలెండి, సముద్రం ఎక్కడికీ పోదుగా" అంది. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు.

మర్నాటినుంచి కొత్త పద్ధతి. నన్ను డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టి, అక్క మంచం మీద తాను పడుకునేవారు. చేతులు గుండెల మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అక్కలా. చిన్న కార్లు తప్ప ఏమీ తోలని నాకు అంత పెద్ద బండి నేర్పింది ఆ పడుకున్న మనిషే. నేను తోలుతుంటే వెనక నుంచి కేకలు. "ఇక్కడ మీ అక్క ఏడుస్తది!" "ఇక్కడ ఏడవదు గానీ తిడతది!" "ఆ, ఇక్కడ నిద్దరపోద్ది!" మయూర్ విహార్ నుంచి నోయిడా దాకా ఏ గతుకు దగ్గర అక్క ఏం చేస్తుందో ఆయనకి కంఠతా వచ్చేసింది. ఇంటికొచ్చి మళ్ళీ కిందికి దూరడం. వేసిన పట్టీలు తీశారు. ఉన్నవాటిలోనూ కొన్ని తీసి పల్చనివి వేశారు. షాక్ అబ్జార్బర్లు మార్చారు, టైర్లలో గాలి తగ్గించారు, పెంచారు, మళ్ళీ తగ్గించారు. జీవితమంతా గట్టితనం నేర్చుకున్న చేతులకి మెత్తదనం అంత తేలిగ్గా రాలేదు. విసుగొచ్చి నేను, "ఢిల్లీ రోడ్లు ఇంతే బావగారూ, ఇక చాల్లెండి" అంటే, "రోడ్డు మన చేతిలో లేదమ్మా, కమాన్ మన చేతిలో ఉంది" అనేవారు. ఆసుపత్రిలో ఓపిక చచ్చిపోయిన రోజుల్లో ఆ మాట నేను చాలాసార్లు అనుకున్నాను.

వర్షాలు మొదలయ్యే ముందు ఒక ఆదివారం అక్కని మళ్ళీ ఎక్కించారు. ఆయనే తోలారు. నేను అక్క పక్కన కూర్చున్నాను, చెయ్యి పట్టుకుని, నర్సులా ఆమె మొహమే చూస్తూ. కాలనీ స్పీడ్ బ్రేకర్లు దాటాం. వంతెన అతుకులు దాటాం. అక్క పెదవి కదల్లేదు. యమునా ఎక్స్‌ప్రెస్ వే ఎక్కాక ఆమె చెయ్యి నా చేతిలో వదులైంది. వంగి చూస్తే, నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్న గురక కూడా. "బావగారూ, అక్క నిద్రపోయింది" అన్నాను. ఆయన వెనక్కి తిరగలేదు, అద్దంలోంచి చూశారు. చాలా దూరం పోయాక బండి పక్కకి ఆపి, దిగి, రోడ్డు పక్కన గడ్డిలో అటు తిరిగి నిలబడ్డారు. ఆయన భుజాలు కదులుతుంటే నేను చూడనట్టు ఉండిపోయాను. తిరిగొచ్చి, "దేవుడికి నేను ముందే థ్యాంక్స్ చెప్పేశా గదా. ఆయన పని ఇప్పుడు చేసిపెట్టాడు" అన్నారు.

వానలు తగ్గాక బయల్దేరాలని అనుకున్నాం. ఎక్కడెక్కడ గ్యాస్ దొరుకుతుందో, ఎక్కడ ఆగి పడుకోవాలో అన్నీ ఆయనే చూసుకున్నారు. అక్క చీరలు తీసి మళ్ళీ మడతపెట్టింది. సముద్రంలో తడిసినా పరవాలేనివి ఏవని నన్ను అడిగింది. వానలు తగ్గాయి. తర్వాతేం జరిగిందో మొదట్లోనే చెప్పాను.

భూస్థాపన రోజున అక్క వస్తానంది. శవపేటికని తీసుకెళ్ళే వ్యానులో కూర్చోవడం ఆమెవల్ల కాదు. కారులో సమాధుల తోట దాకా తీసుకెళితే నొప్పితో సగం దారిలోనే స్పృహ తప్పుతుంది. పాస్టరు గారు, "నువ్వు ఇంట్లోనే ఉండి ప్రార్థన చేసుకోమ్మా" అన్నారు. అక్క ఎవరితోనూ వాదించలేదు. నా వైపు తిరిగి, "ఆయన బండి తియ్యవే" అంది.

సెక్రటరీ ఏమీ అడగకుండా తన కారూ పక్కవాళ్ళ కార్లూ తీయించి దారి చేశాడు. వెనక తలుపు తెరిచి, సంఘం మగవాళ్ళు పెట్టెని మంచానికీ పొయ్యి గట్టుకీ మధ్య ఉన్న నడవలో దించారు. అక్క మంచం మీద పక్కకి ఒత్తిగిలి పడుకుని, పెట్టె మీద చెయ్యి వేసుకుంది. నేను తోలాను. ఆ దారంతా ఎలా తోలానో నాకు తెలియదు. కళ్ళ నీళ్ళతో రోడ్డు కనిపించేది కాదు, స్టీరింగ్ మాత్రం నా చేతుల్లో తిన్నగా, నమ్మకంగా నిలబడింది. మధ్యలో ఒకసారి, "అక్కా, నొప్పిగా ఉందా?" అని అడిగాను. వెనక నుంచి జవాబు వచ్చింది. "లేదే. ఒక్కసారన్నా నొప్పి పుడితే బాగుండు. ఆయన్ని తిట్టుకునేదాన్ని."

సమాధుల తోట గేటు దగ్గర ఆపి, ఇంజను కట్టేశాను. అక్క లేచి మంచం అంచున కూర్చుంది. పాట ఎత్తుకున్నారు. మగవాళ్ళు వెనక తలుపు తెరిచి, పెట్టెని నెమ్మదిగా బయటికి లాగి భుజాలకెత్తుకున్నారు. ఆ బరువు దిగగానే బండి వెనక భాగం కమాన్ల మీద మెత్తగా, కొంచెం పైకి లేచింది. నాకది డ్రైవింగ్ సీట్లో తెలిసింది. అక్కకి ఇంకా బాగా తెలిసింది. ఆమె రెండు చేతులతోనూ మంచం అంచు గట్టిగా పట్టుకుని కిందికి నొక్కింది. నేను వెళ్ళి ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసేదాకా అలాగే నొక్కిపట్టి ఉంది.