కాశీలో అత్త తిన్న ఖీర్

నిన్న పొద్దున షేర్ ఆటోలో ఉన్నా. సుగుణత్త కొడుకు, మా బావ, ఫోన్ చేసి "అమ్మ లేదురా" అన్నాడు.

"ఎటు పోయింది?" అని అడిగా.

నిజంగా అలాగే అడిగా. అత్త ఒకచోట కూర్చునే మనిషి కాదు కదా.

అవతల బావ ఏడ్చేశాడు. అప్పుడర్థమైంది.

హార్ట్ ఎటాక్. నిద్రలోనే అట.

ఖానాపురం హవేలి స్టాప్‌లో దిగి, ఇంకో ఆటో పట్టుకుని ఇంటికొచ్చి నాన్నకి చెప్పా. నాన్న టీ గ్లాసు కింద పెట్టి "బట్టలు సర్దు" అన్నాడు. అంతే. వెంటనే కారులో బయల్దేరాం.

సుగుణత్త మా నాన్నకి సొంత అక్క. ఉండేది దుమ్ముగూడెంలో. మా చుట్టాలందరికీ ఆమె టిఫిన్ బాక్స్ సంగతి తెలుసు. తెలియని ఫ్రెండ్స్ కోసం రాస్తున్నా.

మా అక్క పెళ్లికి మొదటి నలుగు మేనత్త పెట్టాలి. ఆ రోజు వాగు పొంగి అత్త వచ్చే బస్సు దారిలో ఆగిపోయింది. ఇక్కడ టైమ్ అయిపోతోందని నాన్న వేరే ఆమెతో పెట్టించేశాడు. ఎక్కడున్నావని ఒక్క ఫోన్ కూడా చేయలేదు.

అత్త తడిసిన చీరతో వచ్చేసరికి అంతా అయిపోయింది.

"ఇగ నీ మెతుకు ముడితే ఒట్టురా" అంది.

మామూలుగా ఇలా ఒట్టు పెట్టుకున్నవాళ్లు రాకపోకలు మానేస్తారు. మా అత్త మానలేదు. ప్రతి ఫంక్షన్‌కీ వచ్చేది. వచ్చి, వంటింట్లో దూరి అందరికీ వండేది, కొసరి కొసరి వడ్డించేది. అంతా అయ్యాక హాల్లో కూర్చుని, సంచిలోంచి తన బాక్స్, తన వాటర్ బాటిల్ తీసేది.

వేడి వేడి చేపల పులుసు మాకు. చల్లారిపోయిన పచ్చడన్నం తనకి.

నాన్న పేపర్ అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. మా ఇంట్లో అలాంటివాళ్లు ఇద్దరు.

పోయిన చలికాలం అమ్మ, నాన్న, అత్త, నేను కాశీ వెళ్లాం.

కాశీకి పోతే ఇష్టమైన కాయో పండో గంగలో వదిలి రావాలి కదా. నాన్న కాకరకాయ వదిలాడు. పుట్టి బుద్ధెరిగాక దాన్ని ముట్టింది లేదు. అత్త మాత్రం సీతాఫలం వదిలింది. అదంటే ఆమెకి ప్రాణం.

"ఆ ఒట్టు కూడా వదిలెయ్యి అత్తా" అన్నా.

"ఒట్టు కాయా, పండా, గంగల వదలనీకి?" అంది.

చివరి రోజు అమ్మానాన్నల పెళ్లిరోజు. గంగ ఒడ్డున పాత రాజమహల్‌ని పెద్ద హోటల్ చేశారు. సాయంత్రం అక్కడ డిన్నర్ బుక్ చేశా. నీళ్లవైపు టేబుల్, తెల్లటి నాప్‌కిన్లు, తలపాగా పెట్టుకున్న వెయిటర్. కింద పడవలు పోతున్నాయి.

అత్త కాసేపు చూసి, "మా గోదారే ఇంకింత వెడల్పుంటది" అంది.

ముందే కండిషన్ పెట్టింది. "నా ప్లేటు నాది, నా బిల్లు నాది."

సరే అన్నాం. ఒకే టేబుల్, రెండు బిల్లులు అని నాన్న హిందీలో చెప్తే, వెయిటర్ "వేరే ఫ్యామిలీనా సార్?" అని అడిగాడు.

"కాదు, మా అక్క" అన్నాడు నాన్న.

అత్త విననట్టు మెనూ చూస్తోంది. మెనూ మొత్తం ఇంగ్లిష్‌లో ఉంది. అత్తకి ఇంగ్లిష్ రాదు.

చివర్లో మా ముగ్గురికీ ఖీర్ వచ్చింది. మట్టి ముంతల్లో. నాన్నకి షుగర్. రెండు చెంచాలు తిని, ముంతని మెల్లగా అత్త వైపు జరిపాడు.

పడవల కేసి చూస్తున్నాడు.

నేను అత్త చేతుల వైపే చూస్తున్నా. ముంతని వెనక్కి తోసేస్తుందేమో, అందరి ముందూ లేచి వెళ్లిపోతుందేమో.

అత్త ముంతలోకి చూసింది.

"స్వీటే గదా. మెతుకైతే గాదు" అని చెంచా తీసుకుంది.

అది బియ్యంతో చేసిన ఖీర్. చెంచా నిండా అన్నమే. నేనేదో అనబోతే అమ్మ టేబుల్ కింద నా కాలు తొక్కింది.

అత్త ముంత ఖాళీ చేసింది. నాన్న ఇంకా పడవలే చూస్తున్నాడు.

తిరుగు రైల్లో, నాన్న కునుకు తీస్తున్నప్పుడు, అత్త నా పక్కకి జరిగింది.

"దాంట్ల బియ్యం ఉన్నయని నాకెర్క లేదనుకున్నవా? ఎంతమందికి వండిన చెయ్యిరా ఇది. వానికి జెప్పకు."

నేను చెప్పలేదు.

మరి ఇంటికొచ్చాక ఒట్టు తీసి గట్టు మీద పెట్టిందా? లేదు. ఉగాదికి మళ్లీ బాక్స్‌తోనే దిగింది. కాకపోతే ఈసారి పెద్ద బాక్స్. నాన్న పేపర్ మడిచి పక్కన పెట్టి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె వండింది మేం తిన్నాం, ఆమె తెచ్చింది వాళ్లిద్దరూ తిన్నారు. మా అమ్మ ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

ఇక అంతా సర్దుకున్నట్టే అనుకున్నా.

నిన్న సాయంత్రం గోదారి ఒడ్డుకి తీసుకెళ్తూ, దింపుడు కళ్లం దగ్గర పాడె దించాం. ప్రాణం ఏ మూలనైనా ఉందేమోనని అయినవాళ్లు చివరిగా చెవిలో మూడుసార్లు పిలుస్తారు కదా. బావ "అమ్మా" అని పిలిచాడు.

తర్వాత నాన్న వంగాడు. నేను పాడె మోసినవాణ్ణి, పక్కనే ఉన్నా. వినపడింది.

"అక్కా, ఇంటికి రాయే. అన్నం తిందువు."

మూడుసార్లూ అదే అన్నాడు.

ఇన్నేళ్లలో నాన్న ఆ మాట అనగా నేను వినలేదు.

అత్త కూడా వినలేదు.

వెళ్లిరా అత్తా. ఇప్పుడు నువ్వున్న చోట, ముందు నిన్ను కూర్చోబెట్టి వడ్డించేవాళ్లు ఉండాలి. నీ మనసు నిమ్మళంగా ఉండాలి.