మేడే నాటి తువ్వాలు

నా చిన్నప్పుడు మేడే అంటే సెలవని తెలుసుగానీ, ఆ సెలవు ఎవరిదో తెలీదు. అది తెలిసింది ఆకివీడులో, మా మేనత్త పనిచేసే చేపల షెడ్డులో. తెలిసిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా అత్త చేపల్ని ఐసులో పేర్చి పెట్టెలకెత్తే పని చేసేది. సాయంత్రం ఇంటికొచ్చాక నా జడ అల్లబోతే వేళ్ళు వంగేవి కావు. వేసవి సెలవులకి వాళ్ళింట్లో ఉన్న నన్ను ఆ రోజు వెంట తీసుకెళ్ళింది, లడ్డూలు పంచుతారని.

షెడ్డు నిండా ఎర్ర కాగితం జెండాలు. గుమ్మానికి కట్టిన బ్యానరు మీద కార్మికులకి శుభాకాంక్షలు చిన్న అక్షరాల్లో, యజమాని పేరు పెద్ద అక్షరాల్లో. ఏలూరు నుంచి ఫొటోగ్రాఫర్ని పిలిపించారు. ఆడవాళ్ళకి తలో తువ్వాలు ఇచ్చారు, అంచున కంపెనీ పేరు అచ్చేసింది. అది భుజాన వేసుకుని నవ్వమన్నారు. ఆ ఫొటో పేపర్లో ప్రకటనకట. ఫొటో అవగానే అత్త తన తువ్వాలు నాకిచ్చింది, నేను మురిసిపోయాను.

యజమాని చప్పట్లు కొట్టి, "ఇక కానివ్వండమ్మా, కలకత్తా లారీ వచ్చేసింది" అన్నాడు.

"ఏవండీ, ఇవాళ మాకు సెలవన్నారు కదండీ?" అని అడిగింది అత్త.

"చేపకి సెలవుంటుందా అమ్మా? తువ్వాలిచ్చాం, లడ్డూ పెట్టాం. ఇంకేం కావాలి?"

నలుగురు నవ్వారు. అత్త నా చేతిలోని తువ్వాలు లాక్కుని, మడత పెట్టి ఆయన బల్ల మీద ఉంచింది. "అయితే నా ఫొటో వేసుకోకండి" అని, నన్ను తీసుకుని బయటికి నడిచింది. వెనక ఒక్కరూ రాలేదు.

మర్నాడు ఆవిణ్ణి పనిలోకి రానివ్వలేదు. ఫొటో మాత్రం వేశారు, అందులో అత్త నవ్వుతూనే ఉంది. తువ్వాలు పోయిందన్న ఉక్రోషంతో నేను రెండ్రోజులు ఆవిడతో మాట్లాడలేదు. చివరికి ఆవిడే దగ్గర కూర్చోబెట్టుకుంది.

"మనలాంటోళ్ళు దెబ్బలు తిని తెచ్చుకున్న రోజే అది. తువ్వాలుకి ఇచ్చేస్తామా?" అంది. తర్వాత కలిదిండి చెరువు గట్ల మీద ఎండలో మట్టి మోసింది.

ఇప్పుడు ఏప్రిల్ ఆఖరుకల్లా నా ఫోను నిండా మేడే ఆఫర్లే. బట్టల కొట్లలో ఆడపిల్లలు ఎర్ర రిబ్బన్లు కట్టుకుని పొద్దుట్నుంచీ నిలబడే ఉంటారు, కూర్చోడానికి స్టూలైనా ఉండదు. కార్మికుల రోజుని కార్మికుల చేతే అమ్మిస్తున్నారు, సిగ్గులేని మనుషులు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ ఎన్నో ఏళ్ళు మేడే నాడూ వచ్చింది. నేను వరండాలో పేపరు పట్టుకుని ఆ కొట్లవాళ్ళని తిడుతూ, తాగేసిన కాఫీ గ్లాసు తోమమని ఆవిడకే అందించేదాన్ని. ఆ సంగతి తట్టేసరికి నా తల నెరిసిపోయింది.

ఇప్పుడు ఆ రోజు ఆవిడ రాదు, అంట్లు నేనే తోముతాను. తోముతున్నంతసేపూ ఆ షెడ్డు యజమానిని తిట్టుకుంటాను, ఆ తర్వాత నన్ను.