సంచిలో ఆగిన ఉత్తరం

1994లో దోహాలో ఇళ్ళకు టపా వచ్చేది కాదు. అక్కడ ఒక లాబ్‌లో పనిచేసే వంశీధర్‌కు పోస్టుబాక్సు ఉండేది; సొంత బాక్సు లేని తోటి ఉద్యోగిని, ఐర్లండు మనిషి నోరా గిల్డియా ఉత్తరాలూ దానికే వచ్చేవి. తన అరుదైన ఇంటిపేరు ఉన్నవాళ్ళందరికీ రాసి, ఆమె పూర్వీకుల జాడ వెతుకుతోంది.

ఒక జవాబు వచ్చిన రోజే వంశీధర్ పసిపాపకు జ్వరం వచ్చింది. ఆస్పత్రి కంగారులో ఉత్తరం పాలసీసాల సంచి అడుగున పడిపోయి, ఏడు వారాలకు కనబడింది.

అతను తెచ్చివ్వగానే నోరా ఆత్రంగా చదివింది. "మా తాతయ్య చెల్లెలు! తొంభై మూడేళ్ళట. ఫోన్ చెయ్యమంది. ఇవాళే వచ్చిందా?"

వంశీధర్‌కు అబద్ధం నోటిదాకా వచ్చింది. "లేదు మేడమ్. పాపకు జ్వరమొచ్చి మరిచిపోయాను. ఏడు వారాలైంది."

ఆమె నంబరు తిప్పింది. అవతలివాళ్ళు చెప్పింది విని, మెల్లగా రిసీవరు పెట్టేసింది. "మొన్న ఆదివారమే పోయిందట."

ఉత్తరం మడిచి పెట్టుకుని, "పాపకు తగ్గిందా?" అని అడిగింది.