చెరువు గేటు ముందు బీడీ చాటలు

మొన్న, మరాఠీ నాట మా తెలుగు నేతగాళ్ళుండే భవాని పేట్‌లో మా పక్కింట్లోకి కొత్తగా దిగినాయన గాలం కర్ర చేతపట్టుకుని వచ్చి, "అన్నా, చెరువు కాడ చేపలు పట్టనీకి పాస్ ఏడ ఇస్తరు?" అని అడిగాడు. పాస్ అక్కర్లేదన్నాను. నమ్మలేదు. "ఫుకట్‌లనా, పైస లేకుంట?" అన్నాడు. "ఫుకట్‌లనే" అన్నప్పుడు నా గొంతులో కాస్త గర్వం పలికి ఉంటుంది. అసలు ఆ గర్వం మా మేనత్తది. అప్పుడప్పుడు నేను వాడుకుంటాను.

మేనత్త బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉంటూ బీడీలు చుట్టేది. మగ్గాలకు సెలవున్న రోజు మామతో కలిసి ఊరి అంచున ఉన్న చెరువుకు వెళ్ళి గాలం వేసేది. మామ నేతగాడు గనుక గాలానికి దారం కొనడం ఆయనకు నామోషీ. కార్ఖానా నుంచి గంజి పట్టించిన నూలు తెచ్చి తానే పేనేవాడు. నీళ్ళలో గంజి నానగానే చేపలు ఎరను వదిలేసి దారాన్ని చప్పరించి పోయేవి. "నీ దారం తిని చెరువుల చేపలన్నీ బల్సినయ్" అనేది అత్త. మామ పోయాక నైలాన్ దారం కొనుక్కుంది గాని, వెళ్ళడం మానలేదు. వారం మొత్తంలో ఆమె తనదనుకునే పూట అదొక్కటే.

కొన్నేళ్ళ కిందట మునిసిపాలిటీ వాళ్ళు చెరువును అందంగా చేస్తామని చుట్టూ కంచె వేసి, గేటు పెట్టి, రంగురంగుల పడవలు తెచ్చారు. లోపలికి వెళ్ళడానికి టికెట్, పడవకు ఇంకో టికెట్. గాలం వేయడం మాత్రం ఏ టికెట్‌తోనూ కుదరదు. నేను కంచె వెంట నడిచి చూశాను. గట్టులో నాలుగింట మూడు వంతులు లోపల పడింది. మిగిలిన వంతులో సగం సర్కారు తుమ్మలు, సగం మురికి కాలువ. నా బడి ఏడో తరగతితో ఆగింది. ఆ పైన లెక్కలన్నీ కార్ఖానాలో నూలు చూస్తూ నేర్చుకున్నవే. ధర్నా చేద్దామన్న అత్తకు వాటితోనే నచ్చజెప్పాను: ధర్నాకు కూర్చుంటే కూలి పోతుంది, కూలి పోతే మూడో రోజుకు ఎవరూ రారు, కాబట్టి ఇది అయ్యే పని కాదు.

"నీ లెక్క మంచిగనే ఉన్నది అల్లుడా" అంది అత్త, తునికాకు కత్తిరిస్తూ. "గని కూలి పోవుడెందుకు?"

మర్నాడు ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో బీడీలు చుట్టుకునే చాటలు పట్టుకుని వెళ్ళి గేటు ముందు కూర్చుంది. బీడీ ఇంట్లో చుట్టినా రోడ్డు మీద చుట్టినా బీడీయే. ఈ ముక్క నా లెక్కలోకి రాలేదు. పొద్దున బీడీ కంపెనీ బ్రాంచిలో చుట్టిన మాల్ అప్పజెప్పి, ఆకు, తంబాకు తీసుకుని నేరుగా అక్కడికే వచ్చేవాళ్ళు. జెండా లేదు, నినాదం లేదు. కాపలా మనిషి, మరాఠీ ఆయన, "మావశీ, ఇథె బసూ నకా" అంటూ కూర్చోవద్దని బతిమాలాడు. "బస్లో తర్ కాయ్ ఝాలం?" అని, కూర్చుంటే ఏమైందని, అత్త ఆయన భాషలోనే ఎదురడిగి, అది చాలదన్నట్టు తెలుగులో, "రోడ్డు నీ బాపుదా?" అంది. నాలుగు రోజులకు ఆయనే వాళ్ళకు మంచినీళ్ళు తెచ్చివ్వడం మొదలుపెట్టాడు.

గాలి రోడ్డు నుంచి చెరువు వైపు వీచేది. తంబాకు పొడి లేచి, పడవ ఎక్కడానికి వచ్చినవాళ్ళు టికెట్ కొనకముందే తుమ్మేవారు. గాలి చూసుకునే ఆ చోటు ఎంచుకున్నావా అని అత్తను అడిగాను. "నాకేమెరుక? నీడున్నదని కూసున్న" అంది. అక్కడ నీడ లేదు.

చివరికి మునిసిపాలిటీ నుంచి ఒక సాహెబు వచ్చాడు. మన తెలుగు కొంచెం వచ్చినవాడే. మీ లీడర్ ఎవరని అడిగి, తుమ్మాడు.

"లీడర్ గీడర్ ఎవ్వరు లేరు సాబ్. పని చేస్కుంటున్నం" అంది అత్త.

"ఇంట్లో చేసుకోవచ్చు కదా?"

"ఇంట్ల గాలి రాదు. చెరువు గాలి పానానికి మంచిదని మీరే గదా బోర్డు పెట్టిండ్రు! గేట్ తియ్యుండ్రి, లోపల్నే కూసుంటం. ఓ దిక్కు గాలం ఏస్కుంటం. పడవలోల్లకు అడ్డమొస్తే అప్పుడు తిట్టుండ్రి."

ఆడవాళ్ళంతా నవ్వారు. సాహెబు కూడా నవ్వబోయి మళ్ళీ తుమ్మాడు.

వెంటనే ఏమీ జరగలేదు. కాగితాలు వెళ్ళాయి, వచ్చాయి. చాటలు మాత్రం కదల్లేదు. వానలు మొదలయ్యేలోపు గేటు తెరిచారు. లోపలికి టికెట్ తీసేశారు. గట్టుకు ఒక పక్క గాలాలకు వదిలి, నీళ్ళ దాకా మెట్లు కట్టించారు. రెండో పక్క పడవలు, మా పేటవాళ్ళు కూడా ఎక్కగలిగే ధరకు.

మొదటి రోజు అత్త పొద్దంతా గాలం వేసినా ఒక్క చేప పరక పడలేదు. సాయంత్రం ఆ కాపలా మనిషే పట్టుబట్టి ఆమెను బాతు ఆకారపు పడవ ఎక్కించాడు. పక్కన కూర్చుని నేను పెడళ్ళు తొక్కాను. నడి చెరువులోకి వచ్చేదాకా ఒళ్ళో ఆమె వేళ్ళు, లేని ఆకులో లేని తంబాకు చుడుతూనే ఉన్నాయి. తర్వాత ఆగిపోయాయి. ఆ రెండు చేతులూ ఊరికే పడి ఉండగా చూడటం నాకు అదే మొదలు. తొందరగా అవతలి గట్టు చేరాలని నేను గట్టిగా తొక్కుతుంటే అంది:

"జర మెల్లగ తొక్కు అల్లుడా. ఏ బ్రాంచి మూస్తరని ఉరుకుతున్నవ్?"

కాళ్ళు నెమ్మదించాయి. ఆ సాయంత్రం మేం నీళ్ళ మీద ఎంతసేపున్నామో నేను గడియారం చూడలేదు. చూసి ఉంటే ఆ పూట ఆనాడే అయిపోయేది, ఇప్పటిదాకా నాతో ఉండేది కాదు.