బల్ల మీద గాజులు

కొన్నేళ్లుగా ఒక్క మాట నా గుండెల మీద బండలా కూర్చుంది. ఇంట్లో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది బస్తర్ అంచున ఉన్న కోంటలో కిరాణా కొట్టు. నేను మాత్రం బస్తర్‌లోనే ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. ఎడమచేతి ఎముకల్ని చూసి పిల్లల వయసు చెప్పే కంప్యూటర్ మాకు వచ్చినప్పుడు నా అంత మురిసినవాడు లేడు. డాక్టరుగారు ఫిల్మును వెలుతురుకు పట్టుకుని వయసు చెప్పబోతే, ఆ కాలం పోయింది సార్ అని అందరి ముందూ నవ్వేవాణ్ణి.

ఒకరోజు ఓ అమ్మాయిని తెచ్చారు. సరిహద్దు అవతల తెలుగు ఊళ్లలో మిర్చి కోతలకు కూలీల ఠేకేదారు తోలుకుపోతుంటే దారిలో అధికారులు ఆపారట. మైనరని తేలితే ఆశ్రమశాలకు పంపుతారు. పద్దెనిమిది దాటితే మళ్లీ ఠేకేదారు జీపే. వాగు పొంగి ఇళ్లు కొట్టుకుపోయిన ఏడు పుట్టిందనీ, పదహారు నిండలేదనీ వెంట వచ్చిన తల్లి అందరికీ చెప్పుకుంటూనే ఉంది. కాగితం మాత్రం లేదు.

ఆ పిల్ల చేత గాజులు తీయించింది నేనే. కంప్యూటర్ పద్దెనిమిది దాటిందని చూపించింది. డాక్టరుగారు పిల్లను ఎగాదిగా చూసి, ఇంత ఉంటుందా అన్నారు. నేను వాదించాను. ఆయన విసుక్కుని సంతకం పెట్టారు.

వాళ్లు బయటికి వెళ్లాక తెర చూశాను. ‘మగ’ అని ఉంది. అంతకు ముందు వచ్చిన కుర్రాడి వివరం నేను మార్చనేలేదు. ఆడపిల్లల ఎముకలు ముందే ముదురుతాయి, మగపిల్లల లెక్కన కొలిస్తే వయసు ఎక్కువొస్తుంది. ఇది నాకు తెలియనిదా? మార్చి మళ్లీ నొక్కాను. పదహారు నిండలేదు.

అప్పుడే తల్లి తిరిగొచ్చింది.

“పిల్ల గాజులు మరిసిపోయింది సారు. మిషన్ తప్పు చెప్పదు గదా?”

“చెప్పదమ్మా.”

“అయితే నాకే లెక్క తెల్వలే,” అని గాజులు కొంగున ముడేసుకుంది.

జీపు ఇంకా కదల్లేదు. కిటికీలోంచి ఒక్క కేక వేస్తే చాలు. ఎందుకు వేయలేదు? ఉద్యోగం పోతుందనా? కాదు. డాక్టరుగారు నవ్వుతారని. అంతే. ఇంత చిన్న కారణం గుర్తొచ్చిన ప్రతిసారీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మిషన్ని తిట్టుకుందామన్నా కుదరదు, అడిగినదానికి అది సరిగానే చెప్పింది.

పిల్ల మళ్లీ రాలేదు. తల్లి సంతలో చింతపండు అమ్ముతూ కనిపిస్తుంది, నన్ను చూసి దండం పెడుతుంది. ఓసారి పిల్ల సంగతి అడిగాను. కబురు లేదంది. పెద్దదైందిగా, దాని ఇష్టమంది. వాగు పొంగిన ఏడే తను సరిగా గుర్తుపెట్టుకోలేదని నొచ్చుకుంది. నేను చింతపండు తీసుకుని ఇంటికొచ్చాను.

ఇది రాశాక కాస్త ఊపిరాడుతోంది. అదీ చిరాగ్గానే ఉంది, ఆమెకేం ఒరిగింది గనక? ఆమె లెక్క తప్పలేదు. ఆ ఏడే వాగు పొంగింది, ఆ ఏడే పిల్ల పుట్టింది.