క్లీనరు వైపు అద్దం

పెదనాన్న ఏ లోడైనా గేటు దాకానే తోలేవాడు. అక్కణ్ణించి బండిని వెనక్కి తీసి గోడౌను మెట్టుకి ఆనించి పెట్టే పని చిట్టిది.

బండి అంటే నిజం బండి కాదు లెండి. చిట్టి ఒక ఫొటో స్టూడియోలో ఆల్బమ్‌లు తయారుచేస్తుంది. స్టూడియో వాళ్ళు కొత్త కంప్యూటర్లు కొనుక్కుని, పాతదాన్ని "పట్టుకుపోతే పట్టుకుపో, లేదంటే తుక్కువాడికి ఇచ్చేస్తాం" అన్నారు. చిట్టి దాన్ని మోసుకొచ్చి ముందుగదిలో కిటికీ పక్కన పెట్టింది. అందులో లారీ తోలే ఆట ఒకటి వేసింది. ఎవరో వాడి వాడి విసుగెత్తి అమ్మేసిన స్టీరింగు ఒకటి సంపాదించి బల్లకి మరలతో బిగించింది. ఇంట్లో పిల్లలెవరూ లేరు. ఈ హంగామా అంతా పెదనాన్న కోసమే.

మోకాళ్ళు మొరాయించి టైర్ల షాపు పని మానేసిన దగ్గర్నుంచీ ఆయన గోడకేసి చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాడు. టీవీ పెడితే టీవీ పక్కనున్న గోడకేసి చూసేవాడు. పలకరిస్తే "ఊఁ" అనేవాడు, ఆ ఊఁ కూడా అప్పు తెచ్చుకున్నట్టు ఉండేది. కళ్ళ ముందే మనిషి కొంచెం కొంచెంగా ఖాళీ అయిపోతుంటే చిట్టికి భయమేసింది.

మొదటిరోజు "ముసలాణ్ణి, నాకీ బొమ్మలాటలేంటే?" అని కసిరాడు. కసురుతూనే స్టీరింగు మీద చెయ్యి వేశాడు. అంతే, నోరు మూతపడింది. ఆ సాయంత్రం అన్నానికి లేపడానికి చిట్టికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆయన ఆడే తీరు చూసి తీరాల్సిందే. కుర్చీలో కూర్చోగానే ముందు తెర మీది మూడు అద్దాలూ ఒకదాని తర్వాత ఒకటి చూసుకునేవాడు. తర్వాతే తాళం తిప్పడం. అడ్డమొచ్చిన కార్లని "వీడికి లైసెన్సు ఎవడిచ్చాడే!" అని తిట్టేవాడు. ఎక్కువ దూరం తోలితే బొమ్మబండిని రోడ్డు పక్కకి తీసి, "ఇంజను చల్లబడనీ" అని నిజం టీ తాగేవాడు. బండిని పైనుంచి చూపించే కెమెరా ఉంది పెదనాన్నా, అదైతే తేలిక అని చిట్టి చెబితే, "గద్దలా ఎగురుతూ తోలతారా ఎవరైనా? డ్రైవరు సీట్లో కూర్చుంటాడు, అద్దంలో చూస్తాడు" అని కొట్టిపారేశాడు.

తీరా గోడౌను గేటు రాగానే బ్రేకు వేసి కేక పెట్టేవాడు. "చిట్టీ, బండి పెట్టమ్మా!" చిట్టి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేది. ఆమె రివర్సు పెట్టేసరికి ఆయన వరండాలో ఉండేవాడు, ఇటు వీపు పెట్టి. "దొరగారు దిగిపోయారు, కూలిదొచ్చింది" అని ఆమె వేళాకోళమాడితే నవ్వేవాడు కాని వెనక్కి తిరిగేవాడు కాదు.

ఎందుకు తిరగడో చిట్టికి సగం తెలుసు. ఒకప్పుడు అన్నదమ్ములిద్దరూ ఒకే లారీ మీద పనిచేసేవారు. పెదనాన్న డ్రైవరు, చిట్టి నాన్న క్లీనరు. ఎవరైనా పెళ్ళి ఊసెత్తితే పెదనాన్న "రోడ్డు మీద బతికేవాడికి పెళ్ళేంటి" అనేవాడు. తమ్ముడి కాపురమే తన కాపురం అనుకున్నాడు. చిట్టికి ఇంకా మాటలు కూడా సరిగా రాని వయసులో, ఏదో గోడౌను ఆవరణలో బండి వెనక్కి తీస్తుంటే నాన్న బండికీ గోడకీ మధ్య పడి చనిపోయాడు. ఆ తర్వాత పెదనాన్న మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. టైర్ల షాపులో గాలి కొట్టి, పంచర్లు వేసి, చిట్టినీ వాళ్ళమ్మనీ కంటికి రెప్పలా చూసుకున్నాడు. ఇంతవరకే ఆమెకి తెలుసు.

అమ్మ ఆయనతో నేరుగా మాట్లాడదు. లోపలి గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని, "మీ పెదనాన్నని అన్నానికి రమ్మను" అంటుంది, ఆయన చేతికందే దూరంలో ఉన్నా సరే. ఆయన కూడా అంతే. "మీ అమ్మని మందు వేసుకోమను." తమ్ముడి సైగ చూడకుండా తొందరపడి తోలాడని అమ్మ నమ్మకం. తిట్లు లేవు, కొట్లాటలు లేవు. కొట్లాడుకున్నా బాగుండేదని చిట్టికి చాలాసార్లు అనిపించేది. ఇటు మాట అటూ అటు మాట ఇటూ మోస్తూనే ఆమె పెరిగింది.

ఆ ఇంట్లో ఇంకో నియమం కూడా ఉంది. తలుపు ఎప్పుడూ రెండుసార్లు కొట్టాలి. చిన్నప్పుడు ఒకసారి బడి నుంచి వచ్చి అరచేత్తో దబ్బున ఒక్క దెబ్బ కొట్టింది. లోపల్నుంచి పెదనాన్న పరుగెత్తుకొచ్చాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. జీవితంలో ఆయన చిట్టి మీద చెయ్యి చేసుకున్నది ఆ ఒక్కసారే. "రెండు కొట్టాలి! ఎప్పుడైనా సరే, రెండు!" పెద్దవాళ్ళ చాదస్తాలు పిల్లలకి తొందరగా అలవాటైపోతాయి. ఎందుకని ఆమె ఎప్పుడూ అడగలేదు.

ఇలా బండి సాఫీగా నడుస్తుండగా ఆటకి కొత్త అప్‌డేట్ వచ్చింది. మర్నాడు చిట్టి గోడౌనులో రివర్సు తీస్తుంటే తెర ఒక్కసారిగా నల్లబడింది. ఫ్యాను గుర్రుమంది. కాసేపటికి ఆట మాయమై, మూలన ఒక చిన్న సందేశం మిగిలింది. మర్నాడూ అదే వరస. ఆ తర్వాత రోజూ అంతే. వరండాలో ఉన్న పెదనాన్న తల తిప్పాడు.

"ఏమైందే?"

"డ్రైవర్ పనిచేయడం ఆగిపోయిందట."

"నేనిక్కడ నిక్షేపంలా ఉంటే నన్నంటుందేంటి?"

చిట్టి నవ్వి, అది వేరే డ్రైవరని చెప్పింది. బొమ్మలు గీసే కార్డు ఒకటుంటుంది, దానికీ కంప్యూటరుకీ మధ్య మాట మోసే ప్రోగ్రామునే డ్రైవర్ అంటారు, అది ఉక్కిరిబిక్కిరై చేతులెత్తేస్తోంది అంది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"నేను తోలినంతసేపూ బానే ఉంటోందిగా?"

"ఉంటోంది."

"వెనక్కి తీసేటప్పుడే పోతోంది."

"అవును పెదనాన్నా, ఎందుకో మరి..."

ఆయన నెమ్మదిగా వచ్చి స్విచ్చి ఆపేశాడు. "ఇక చాలు తల్లీ. నా బండి వెనక్కి వెళితే మంచి జరగదు" అన్నాడు. అని పాత కుర్చీ లాక్కుని గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

ఎంత తంటాలు పడి లాక్కొచ్చిన మనిషి, మళ్ళీ అక్కడికే పోయాడు! దీన్ని బాగుచేయకపోతే ఇక ఆయన్ని ఆ గోడ దగ్గర్నుంచి లేపడం తనవల్ల కాదని చిట్టికి తెలుసు.

రోజూ స్టూడియో నుంచి రావడం, చెప్పులు విప్పడం, కంప్యూటరు ముందు కూర్చోవడం. మొదట కొత్త డ్రైవర్ వేసింది. అది ఇంకా త్వరగా పడిపోయింది. సరేనని ఉన్నదాన్ని వేళ్ళతో సహా పెరికి, స్టూడియోలో వాడిన రోజుల నాటి పాత డ్రైవర్ వెతికి వేసింది. కార్డు వేడెక్కుతోందేమోనని పెట్టె విప్పితే, లోపల దుమ్ము దూది పరుపులా పేరుకుంది. అమ్మ మిషను తుడిచే బ్రష్షు అడిగి తెచ్చి శుభ్రం చేసింది. ఆటలో నీడలు తగ్గించింది, చెట్లు పలచబరిచింది. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది కుదిరిందో తెలియదు కాబట్టి ఒక్కొక్కటే మార్చడం, మార్చిన ప్రతిసారీ గేటు దాకా తోలుకెళ్ళి రివర్సు తీసి చూడడం. ప్రతిసారీ తెర నల్లబడడం. పెదనాన్న మాత్రం ఇటు చూసేవాడే కాదు. నల్లబడ్డప్పుడల్లా ఆయన భుజాలు కొంచెం కుంగేవి, అది ఆమెకి కనిపించేది.

చివరికి అద్దాల దగ్గర దొరికింది దొంగ. లారీకున్న ఒక్కో అద్దం కోసం ఆ కార్డు ఆవరణ మొత్తాన్ని ఇంకోసారి గీయాలి. కొత్త అప్‌డేట్‌లో అద్దాలు మరీ నాణ్యంగా చేశారు. ఖాళీ రోడ్డు మీదైతే పాత కార్డు ఎలాగో లాక్కొచ్చేది కాని, బండ్లూ పెట్టెలూ కిక్కిరిసిన గోడౌనులో మూడు అద్దాలు మోయలేక చతికిలబడుతోంది. చిట్టి మూడూ ఆపేసింది. పైనుంచి చూసే కెమెరాతో రివర్సు తీసింది. తెర చెక్కుచెదరలేదు. మళ్ళీ తీసింది. మళ్ళీ బాగానే ఉంది. ఆనందం పట్టలేక కుర్చీలోనే ఒక గంతు వేసింది.

ఆదివారం మధ్యాహ్నం ఆయన చెయ్యి పట్టుకుని లేవదీసింది. "బాగైపోయింది పెదనాన్నా, ఒట్టు. వచ్చి చూడు."

అయిష్టంగానే వచ్చి కూర్చున్నాడు. అలవాటు ప్రకారం ముందు అద్దాలు చూశాడు. మూడూ నల్లటి పలకలు. స్టీరింగు మీంచి చేతులు తీసేశాడు.

"అద్దాలేవే?"

"ఆపేశాను. వాటివల్లే పోతోంది. అవి లేకపోయినా బండి నడుస్తుందిలే పెదనాన్నా."

ఆయన ఆ నల్లటి పలకలకేసే చూస్తూ, "ఓనరు కూడా ఇదే మాటన్నాడు" అన్నాడు.

"ఏ ఓనరు?"

"మా ఓనరు. క్లీనరు వైపు అద్దం పగిలింది, వేయించండి అన్నాను. ఈ లోడు దించి రా, తర్వాత చూద్దాం, అద్దం లేకపోతే బండి నడవదా అన్నాడు. నేను తియ్యనని మొండికేశాను. మీ నాన్నే నవ్వాడు. నేనున్నాగా అన్నయ్యా, నన్నే అద్దం అనుకో అన్నాడు."

ఆయన తెరకేసి చూస్తూనే చెప్పాడు.

"వాన. ఏమీ కనపడదు. మా ఇద్దరికీ కేకలతో పనిలేదు. వాడు బండి మీద చేత్తో ఒక దెబ్బ కొడితే, రానీ అని. రెండు కొడితే, ఆపు అని. అన్నేళ్ళూ అంతే. ఆరోజు ఒక దెబ్బ కొట్టాడు. రానీ అంటున్నాడనుకున్నా, రానిచ్చా." ఆయన ఎడమపక్క నల్లటి పలక మీద వేలు పెట్టాడు. "అది రెండిట్లో మొదటిది తల్లీ. రెండోది కొట్టేలోగా నేను వాణ్ణి..."

లోపలి గదిలో కుట్టుమిషను ఆగింది.

చిట్టికి తలుపు గుర్తొచ్చింది. దబ్బున కొట్టిన ఆ ఒక్క దెబ్బా, నెత్తురుచుక్క లేని ఆ ముఖమూ గుర్తొచ్చాయి. తను ఇప్పుడు చేసిన ఘనకార్యం ఏమిటో కూడా అర్థమైంది. బండి నడిస్తే చాలని, ఆయన కళ్ళ ముందే మళ్ళీ అద్దం పీకేసింది. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఏడవలేదు. వంగి సెట్టింగులు తెరిచింది.

"మూడూ అయితే మోయలేదు పెదనాన్నా. నాణ్యం బాగా తగ్గిస్తే, ఒక్కటి మోస్తుందేమో. ఏది కావాలి?"

ఆయన గడ్డంతో ఎడమపక్కది, క్లీనరు వైపు అద్దం చూపించాడు.

అద్దం వెలిగింది. బొమ్మ ముతగ్గా, అరిగిపోయిన ఫొటోలా ఉంది. ఆయన తాళం తిప్పాడు. దారిలో ఎవరినీ తిట్టలేదు. గేటు వచ్చింది. చిట్టి అలవాటుగా లేచి పక్కకొచ్చి నిలబడింది. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"నేనే పెడతా" అన్నాడు.

రివర్సు వేశాడు. అద్దంలో తడిసిన నేల, గోడ, గోడౌను మెట్టు. ఆయన ముందుకి వంగి, ఆ కాస్త బొమ్మలో మూలమూలా వెతికాడు.

"ఎవరూ లేరు" అన్నాడు.

"లేరు పెదనాన్నా."

అయినా బండి కదల్లేదు. కాలు బ్రేకు మీదే ఉంది. దేనికోసం ఆగాడో చిట్టికి తెలిసింది. అరచేత్తో బల్ల మీద ఒక దెబ్బ కొట్టింది. ఆయన ఉలిక్కిపడి, కళ్ళు గట్టిగా మూసి తెరిచి, బండిని వెనక్కి వదిలాడు. గోడ దగ్గరవుతోంది. ఇంకా దగ్గరవుతోంది. చిట్టి మళ్ళీ చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి దిగలేదు. మొదటి దెబ్బకీ రెండో దెబ్బకీ మధ్య ఉన్నంత సందులో నాన్న పోయాడన్న సంగతే బుర్రలో తిరుగుతోంది.

వెనకనుంచి, లోపలి గది తలుపు మీద దెబ్బలు పడ్డాయి. వెంటవెంటనే, గట్టిగా, రెండు.

పెదనాన్న బ్రేకు తొక్కాడు. బండి మెట్టుకి జానెడు దూరంలో ఆగింది. తెర నల్లబడలేదు. లోడు దిగిందని పైన అక్షరాలు వచ్చాయి. వాటిని ఎవరూ చూడలేదు.

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది, మెడలో కొలతల టేపు, తలుపు మీద ఇంకా తీయని చెయ్యి. ఆమె ఏడుస్తోంది. పెదనాన్న వెనక్కి తిరగలేదు. స్టీరింగు మీద నుదురు ఆనించి, పసిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తమ్ముడు పోయిన నాడు కూడా ఆయన ఏడవలేదని అందరూ అనేవారు. తల ఎత్తకుండానే అన్నాడు.

"వినపడ్డాయని చెప్పవే మీ అమ్మకి. రెండూ వినపడ్డాయని చెప్పు."

అమ్మ అక్కడే ఉంది, అంతా వింది. అయినా చిట్టి ఎప్పటిలాగే అటు తిరిగి చెప్పింది.

"అమ్మా, రెండూ వినపడ్డాయట."